పెద్దాయన కొన్న పెద్ద టీవీ

నేను రిటైరై ఏడాది దాటింది. రావులపాలెం సెంటరుకి దగ్గర్లో ఉన్న ఒక ఎలక్ట్రానిక్స్ షోరూములో పనిచేశాను. అది రేడియోలూ టేబుల్ ఫ్యాన్లూ అమ్మే ఒంటి షట్టరు కొట్టుగా ఉన్నప్పుడు చేరి, రెండంతస్తుల అద్దాల మేడ అయ్యేదాకా ఉన్నాను. ఇప్పుడు అలాంటి షోరూముల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఎక్కడైనా కలిస్తే, "మీ సర్వీసులో మర్చిపోలేని సేల్ ఏదండి?" అని అడుగుతుంటారు. పెళ్ళిళ్ళ సీజన్లో ఒకే ఇంటికి లారీ నిండా సామాను అమ్మిన కథేదో చెబుతానని ఎదురుచూస్తారు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒకే ఒక్క టీవీ. దాన్ని కొన్నాయనకు చూపు లేదు.

ముందు మా షాపు సంగతి కొంచెం చెప్పాలి. కింద టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు. పైన కంప్యూటర్ సామాను: ప్రింటర్లు, ఇంకు సీసాలు, కీబోర్డులు, మౌసులు, కొన్నవాళ్ళకి కూడా పేరు తెలియని సవాలక్ష వైర్లు. పై అంతస్తు మొత్తం ఒక మేడమ్ చూసుకునేది. ప్రింటర్ మోడల్ తెలుసుకోకుండా ఇంకు కోసం వచ్చినవాళ్ళని మొహమాటం లేకుండా వెనక్కి పంపేది. "నల్లగా, కాస్త పొడుగ్గా ఉంటుందండి మా ప్రింటర్" అని ఎవరైనా చేతులతో కొలత చూపిస్తే, "ప్రింటర్లన్నీ నల్లగానే ఉంటాయండి, వెళ్ళి ఫొటో తీసుకురండి" అనేది. కింద మేం టీవీ అమ్మి సంబరపడుతుంటే, మెట్ల మీద నుంచి తొంగిచూసి, "మీరమ్మేవి ఉత్త డబ్బాలండి. వాటికి ప్రాణం పోసే వైర్లన్నీ నా దగ్గరున్నాయి" అని వెక్కిరించేది. మేం కూడా తగ్గేవాళ్ళం కాదు.

మా ఓనరు గారు మంచి మనిషి, కానీ గొడవలంటే భయం. ఈ కథకి కొద్ది వారాల ముందు, మా కౌంటర్లో కుర్రాడొకడు ఒక ముసలావిడకి ఆవిడ అవసరానికి మించిన ఫోను అంటగట్టాడు. ఆవిడ కొడుకు వచ్చి షాపు ముందు రోడ్డు మీద నిలబడి, దారినపోయే వాళ్ళందరినీ పిలిచి మరీ తిట్టాడు. ఆ రోజు నుంచి ఓనరు గారు ఒక రూలు పెట్టారు. పెద్దవయసు వాళ్ళు ఒంటరిగా వస్తే ఖరీదైన వస్తువు అమ్మకూడదు, ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మనాలి.

రూలు పెట్టాక దాన్ని పరీక్షించడానికన్నట్టు ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయన వచ్చారు.

షాపు ముందు ఆటో ఆగింది. డ్రైవరు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని అద్దాల తలుపు దాకా నడిపించి వెళ్ళిపోయాడు. తెల్ల పంచె, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో గొడుగు. గొడుగుతో నేల తడుముకుంటూ లోపలికొచ్చి, ఏసీ గాలి మొహానికి తగలగానే ఆగి, "హమ్మయ్య" అన్నారు. నేను ఎదురెళ్ళి నమస్కారం చెప్పాను. నా గొంతు వినపడిన వైపు తిరిగి సూటిగా అడిగారు.

"మీ కొట్లో అన్నిటికంటే పెద్ద టీవీ ఏదండి?"

"ఎవరికోసమండి?"

"నాకేనండి."

నేను ఆయన కళ్ళకేసి చూశాను. అవి నా భుజం మీదుగా ఎటో ఫ్రిజ్‌ల వైపు ఉన్నాయి.

"అంత పరీక్షగా చూడకండి, కనపడవు" అన్నారాయన. నేను చూస్తున్నానని ఎలా కనిపెట్టారో మరి. "నీటికాసుల జబ్బండి. చాలా ఏళ్ళయింది. మీరు టీవీ దగ్గరికి తీసుకెళ్ళండి ముందు."

తీసుకెళ్ళాను. షాపు చివర గోడకి అరవై అయిదు ఇంచీల టీవీ ఒకటి తగిలించి ఉండేది. వేలిముద్రలు పడతాయని కస్టమర్లని తెర ముట్టుకోనివ్వం. ఆయన్ని వద్దనడానికి నాకు నోరు రాలేదు. రెండు అరచేతులూ తెర మధ్యలో ఆనించి, అక్కడి నుంచి ఒకటి కుడివైపుకీ ఒకటి ఎడమవైపుకీ జరుపుకుంటూ పోయారు. చేతులు పూర్తిగా చాపినా అంచులు అందడం అంతంత మాత్రమే. చెంప తెరకి ఆనిపోయింది. అలాగే ఉండి చిన్నపిల్లాడిలా నవ్వారు.

"కౌగిలించుకుంటే కూడా అందట్లేదే! ఇదండీ టీవీ అంటే. పెట్టండి చూద్దాం."

పెట్టాను. తెర మీద రంగురంగుల చిలకలు ఎగిరాయి, షాపంతా జలపాతం హోరు వినిపించింది. ఆయన తలవంచి విన్నారు. "గొంతు ఖంగుమంటోందండి" అన్నారు.

నా మనసు ఒప్పుకోలేదు. అమ్ముకునేవాడిననే సంగతి మర్చిపోయి, "అయ్యా, ఉన్నమాట చెప్తానండి. దీనిలో సగం ఉండే టీవీలో కూడా సౌండు బాగానే వస్తుంది. మీకు ఇంత పెద్దది ఎందుకండి అనవసరంగా?" అన్నాను.

"సౌండుకైతే ఇంట్లో రేడియో ఉందండి. నాకు పెద్ద బొమ్మ కావాలి."

ఇంతలో ఓనరు గారు రానే వచ్చారు. నన్ను పక్కకి లాగి, "కళ్ళు కనపడని మనిషికి ఇంత టీవీ అమ్మామని తెలిస్తే రేపు ఊళ్ళో మొహం చూపించగలమా?" అని గుసగుసలాడి, ఆయన దగ్గరికెళ్ళి చాలా వినయంగా, "ఇంట్లో వాళ్ళనెవరినైనా ఒకసారి తీసుకురండయ్యా. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు.

అంతే, పెద్దాయన గొంతు పెంచారు.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అండి! నా సొమ్ముతో నేను కొనుక్కుంటుంటే ఇంట్లోవాళ్ళెందుకండి?"

అది మామూలు గొంతు కాదు. ఏసీ మోతా, రోడ్డు మీద లారీల హారన్లూ అన్నీ అణిగిపోయాయి. పై అంతస్తు మేడమ్ ఇంకు సీసా చేతిలో పట్టుకునే మెట్ల మీదకి పరిగెత్తుకొచ్చింది. నాకు మాత్రం ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. సైకిలు మీద షాపుకి వచ్చే రోజుల్లో అరటి యార్డు పక్కనుంచి పోతుంటే రోజూ వినపడేది.

"అయ్యా, మీరు యార్డులో గెలల వేలంపాట పాడేవారు కదండీ?"

ఆయన మొహం విచ్చుకుంది. "ఆయ్! నేనేనండి. గుర్తుపట్టారే!" కోపం ఎటుపోయిందో పోయింది. కానీ ఓనరు గారు రూలు వదల్లేదు. అమ్మగారిని తీసుకొస్తే తప్ప అమ్మనన్నారు. పెద్దాయన నా చెవి దగ్గరికొచ్చి, "మా ఆవిడొస్తే కొననిస్తుందా అండి?" అని రహస్యంగా అడిగారు. ఆ రహస్యం రెండంతస్తుల్లోనూ వినపడింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే వచ్చారు, ఆయన్ని చెయ్యిపట్టి నడిపించుకుంటూ. పొట్టి మనిషి. మోకాళ్ళ నొప్పులతో ప్రతి అడుగూ ఆచితూచి వేస్తున్నారు. గుమ్మంలోంచే మొదలుపెట్టారు.

"ఈయనకి టీవీ చూపించిందెవరండి?"

ఫ్రిజ్ వెనక్కి పోదామా అనిపించింది. తప్పదు కదా, ముందుకొచ్చాను.

"మీకు ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అండి? కళ్ళు కనపడని మనిషికి గోడంత టీవీనా? అడిగినాయనకి బుద్ధి లేకపోతే అమ్మేవాళ్ళకైనా ఉండొద్దా? ఈ మోకాళ్ళతో బట్టలు ఉతకలేక చస్తున్నాను, ఒక మెషీను కొనండి మహాప్రభో అంటే చెవిన పెట్టరు. టీవీ కావాలంట, టీవీ!"

"నేను అమ్మనన్నానండి" అని నసిగాను.

"మరి ఎందుకు చూపించారు?"

పెద్దాయన అప్పటిదాకా గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డారు. అప్పుడు అన్నారు, ఆవిడతో కాదు, నాతో అన్నట్టు.

"మా వీధి గదిలో పాత డబ్బా టీవీ ఉండేదండి. మ్యాచి వచ్చిందంటే యార్డులో గెలలు మోసేవాళ్ళు, వీధిలోవాళ్ళు, అందరూ మా ఇంట్లోనే. ఒకసారి గుమ్మంలో చెప్పులు చూసి మా ఇంట్లో ఎవరో పోయారనుకుని పరామర్శకొచ్చినాయన కూడా ఉన్నాడండి, ఆయనా కూర్చుని మ్యాచి చూసి వెళ్ళాడు. నా చూపు పోయాక కూడా వచ్చారు, మానలేదు. తర్వాత ఆ టీవీ పోయింది. ఇంకెవరూ రావట్లేదండి. వాళ్ళ తప్పేముంది, ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది, ఎక్కడ కూర్చుంటే అక్కడే మ్యాచి. ఇప్పుడు నేను చిన్న టీవీ పెడితే ఎవడొస్తాడండి? చేతిలో ఫోను జేబులో పెట్టుకుని లేచి రావాలంటే గోడంత బొమ్మ ఉండాలి."

ఆవిడ ఆ టీవీ వైపు చూశారు, ఆయన వైపు చూశారు.

"ఈ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు నవ్వుతావు."

"నవ్వనా మరి?" అన్నారు గానీ, నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అంతమందీ వస్తే టీలు ఎవరు పెడతారంట?" అని అడిగారు.

"నేనే పెడతాను."

"ఇంకా నయం. ఇల్లు కాల్చేస్తారు." తర్వాత నావైపు తిరిగి, "బట్టలుతికే మెషీన్లు ఎక్కడున్నాయండి?" అన్నారు. బేరం కుదిరిందని నాకు అప్పుడే అర్థమైపోయింది.

ఓనరు గారికి కూడా మనసు కరిగింది. గోడకున్న ఆ టీవీ వచ్చినప్పటి నుంచీ అలాగే వేలాడుతోంది. అందరూ నోరు తెరిచి చూసేవాళ్ళే గానీ, మా ఊరి గదులకి అది పెద్దదని ఎవరూ కొనలేదు. డిస్‌ప్లే పీసు కింద దాని ధర బాగా తగ్గించేసి, ఆ తగ్గినదాంట్లో అమ్మగారికి వాషింగ్ మెషీను కలిసొచ్చేట్టు చేశారు. భార్యాభర్తలిద్దరూ ఎవరికి వాళ్ళు తామే గెలిచామనుకున్నారు. షోరూములో పనిచేసే వాళ్ళకి ఇంతకంటే మంచి బేరం ఉండదు.

"ఆదివారం మధ్యాహ్నం మ్యాచి ఉందండి. పొద్దున్నే వచ్చి పెట్టెయ్యాలి. నేను అందరికీ చెప్పేశాను" అన్నారు పెద్దాయన.

"ఎప్పుడు చెప్పారండి?"

"మొన్ననే."

అంటే మా షాపు గుమ్మం తొక్కడానికి ముందు రోజే.

కంపెనీ టెక్నీషియన్ ఆదివారం రానన్నాడు. ఎన్ని టీవీలు బిగించలేదు, నేనే వెళ్తానన్నాను. ట్రాలీ ఆటోలో రెండూ ఎక్కించుకుని వెళ్ళేసరికి, యార్డు వెనక వీధిలో వాళ్ళ పెంకుటింటి ముందు గెలలు మోసే మనుషులు నలుగురు సిద్ధంగా ఉన్నారు. పండబోయే గెలని చిన్న దెబ్బ కూడా తగలకుండా మోసే చేతులు వాళ్ళవి. గుమ్మం ఇరుకు. టీవీని అట్టపెట్టెలోంచి తీసి, ఏటవాలుగా వంచి, ఒకరికొకరు "నీ వైపు దించు, నా వైపు లేపు" అని చెప్పుకుంటూ లోపలికి చేర్చారు. నా పెళ్ళప్పుడు పల్లకీ కూడా ఇంత జాగ్రత్తగా మోయలేదు.

టీవీ బల్ల మీద పెట్టబోతుంటే అమ్మగారు అడ్డం వచ్చారు. "ముందు నాది పెట్టండి." ఆ మాట కాదనడానికి ఎవరికి ధైర్యం? పెరట్లో కుళాయికి పైపు తగిలించి, మెషీను నడిపి చూపించి, నీళ్ళు ఎటు పోవాలో ఏర్పాటు చేసి వచ్చేసరికి బాగా ఆలస్యమైపోయింది. మ్యాచి మొదలయ్యే వేళకి గది నిండిపోయింది. మంచాల మీద, కిటికీ గూట్లో, నేల మీద జనం. చర్చి నుంచి నేరుగా వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. చేపలమ్మే ఆవిడ తట్ట అరుగు మీద దించి, గుమ్మానికి ఆనుకుని చతికిలబడింది. పెద్దాయన గది మధ్యలో పడక్కుర్చీలో, పెళ్ళికొడుకులా.

టీవీ వేశాను. గోడంతా పచ్చటి మైదానం పరుచుకుంది. "అబ్బో!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆ "అబ్బో" కోసమే కదా ఆయన అంత టీవీ కొన్నది.

కానీ సౌండు రాలేదు.

రిమోట్ నొక్కాను. సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఆపి వేశాను, మళ్ళీ వేశాను. కేబుల్ పెట్టె వైరు పీకి మళ్ళీ తగిలించాను. మైదానంలో వేలమంది నోళ్ళు తెరిచి అరుస్తున్నారు గానీ ఒక్క మాట వినపడితే ఒట్టు. అప్పుడు వెలిగింది నాకు. షాపులో డిస్‌ప్లే గోడ మీదున్న టీవీలన్నిటికీ సౌండు మా పెద్ద స్పీకర్లలోంచి వచ్చేది. ఈ టీవీకి సొంత గొంతు ఉందో లేదో మాలో ఎవరూ ఎన్నడూ వినలేదు. పెద్దాయన తలవంచి మెచ్చుకున్న ఖంగుమనే గొంతు మా షాపు స్పీకర్లది.

అరుగు మీదకొచ్చి మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆదివారం షాపు ఒంటిపూటే, ఇంకా మూసినట్టు లేదు. విషయం వినగానే, "నేను చెప్పలేదూ, డబ్బాలని?" అంది. "కంప్యూటర్ స్పీకర్లూ, దానికి సరిపడే వైరూ తీసుకొస్తాను. ఇక్కడ జనం ఉన్నారు, బిల్లింగు అంతా అయ్యాకే బయల్దేరతాను. మీరు ఆ టీవీ జోలికి ఇంక పోకండి."

లోపలికొస్తే ఎవరూ కదలట్లేదు. పెద్దాయన మొహంలో నవ్వు ఇంకా ఉంది గానీ అది ఎదురుచూసే నవ్వు.

"సౌండు పెట్టలేదేంటండి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టీవీ స్పీకర్లు పనిచేయట్లేదు, స్పీకర్లు వేరేవి వస్తున్నాయి, కాసేపు పడుతుంది. ఆయన "ఊ" అన్నారు. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న "ఊ" వచ్చింది. ఆయన ఇంటినిండా జనం ఉన్నారు, గోడంత బొమ్మ ఉంది, ఆయనకి మాత్రం ఏమీ లేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మగారు టీ గరిటె ఊపుతూ అన్నారు. "బాగుంది సంబడం! మాట రాని టీవీ, చూపు లేని మొగుడు. ఇద్దరికీ బాగా కుదిరింది."

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. ముందు పెద్దాయనే నవ్వారు, పొట్ట పట్టుకుని. దాంతో గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే గెలలు మోసే మనిషొకడు, "బాబాయ్, మనోడు బాలు వేత్తన్నాడు" అన్నాడు.

"ఎవడు? పేసా, స్పిన్నా?"

"పేసే. అవుట్ సైడ్ ఆఫ్ స్టంప్. వదిలేశాడు" అన్నారు మాస్టారు, బ్లాక్‌బోర్డు మీద రాస్తున్నట్టు. అవతలి జట్టు ఆడినంతసేపూ ఆయనే చెప్పారు. పొల్లు పోకుండా చెప్పారు గానీ, అంత్యక్రియల ప్రకటనలా ఉంది. మన బ్యాటింగు మొదలయ్యేసరికి గుమ్మం దగ్గర చేపలావిడకి ఓపిక పోయింది.

"అలా కాదండి మాస్టారూ. బాబాయ్, నే చెప్తా ఉండు. ఆ పొడుగాయన పరిగెత్తుకొత్తన్నాడు... వత్తన్నాడు... ఇసిరేశాడు. మన కుర్రోడు బేటు ఊపాడు, తగల్లేదు. ఎనకాల కూసున్నోడు పట్టుకున్నాడు. పట్టుకుని ఏంటో తిడతన్నాడు. మనోడు కూడా తిరిగి తిడితే బావుణ్ణు, కిక్కురుమనట్లేదు."

"వాడు అంతేలే, నెమ్మదస్తుడు" అన్నారు పెద్దాయన ముందుకి వంగి. "తర్వాత?"

"కొట్టాడు! లేచింది... లేచింది..."

"ఎటువైపు?"

ఆవిడ తడబడింది. ఆఫ్‌సైడూ లెగ్‌సైడూ ఆవిడకి తెలియవు. తెర మీద ఎటు పోయిందో చూసి, గదిలో ఆ దిక్కు చూసి, "మీ వంటింటి వైపు!" అంది.

పెద్దాయన తొడ మీద చరిచారు. "స్క్వేర్ లెగ్గు! చూశావా, చిన్నప్పట్నుంచీ వాడి షాటు అదే!"

ఇక అక్కడి నుంచి ఆ మైదానం ఆ ఇంట్లోకి వచ్చేసింది. బంతి వంటింటి వైపు పోయిందా, వీధిగుమ్మం వైపు పోయిందా, పెరట్లోకి పోయిందా, అందరూ అలాగే చెప్పడం మొదలుపెట్టారు. చివరికి మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని, "గుమ్మం వైపు ఫోర్" అన్నారు. ఒకడు బంతి సంగతి చెప్తే ఒకడు ఫీల్డరు సంగతి, ఒకడు జనం సంగతి. స్టాండ్‌లో ఒక అమ్మాయి ఏడుస్తోందని ఒకరంటే, కాదు, ఎండకి కళ్ళు నలుపుకుంటోందని ఇంకొకరు వాదించారు. ఎవరైనా ఫోను తీస్తే, "జేబులో పెట్టు, అటు చూడు, చెప్పు" అని కసిరేవారు. నేను కూడా సౌండు సంగతి మర్చిపోయి నేల మీద కూర్చుండిపోయాను. అమ్మగారు టీలు పంచుతూ ప్రతి మనిషి దగ్గరా ఆగి, "ఏమైందండి?" అని అడిగి, వాళ్ళు చెప్పింది ఆయనకి చేరిందో లేదో చూసుకుని వెళ్ళేవారు.

మన జట్టు బ్యాటింగు సగం అయ్యాక మేడమ్ స్కూటీ మీద వచ్చింది. భుజం మీద సంచీలో రెండు చిన్న నల్ల స్పీకర్లు, వైర్ల చుట్ట. ఎవరినీ కదపకుండా జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్ళి, టీవీ వెనక చెయ్యి పెట్టి, ఏ రంధ్రంలో ఏది గుచ్చాలో చూడకుండానే గుచ్చింది. ఒక్కసారిగా కామెంటరీ గదంతా నిండింది. జనం హోరు, వ్యాఖ్యాత గొంతు, బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు. మేడమ్ నావైపు విజయగర్వంతో చూసింది.

అందరూ వెనక్కి వాలి చూడటం మొదలుపెట్టారు. రెండు ఓవర్లు గడిచాయి. గదిలో ఒక్కరూ మాట్లాడట్లేదు. పెద్దాయన కాసేపు విన్నారు. పడక్కుర్చీలో అటు కదిలారు, ఇటు కదిలారు.

"ఆ అమ్మాయి ఏమీ అనుకోనంటే ఒక మాట అడుగుతానండి."

"చెప్పండి బాబాయ్ గారూ" అంది మేడమ్.

"దాని నోరు కాస్త ముయ్యమ్మా. ఇక్కడున్నవాళ్ళ గొంతులు వినపడట్లేదు."

నేను మేడమ్ మొహం చూడలేదు, చూస్తే నవ్వొస్తుందని. ఆదివారం పూట ఎండలో పడి వచ్చిన మనిషి. ఆవిడ స్పీకరు బటన్ పూర్తిగా వెనక్కి తిప్పేసి, నా పక్కనే నేల మీద కూర్చుని, ముందుగా ఆవిడే అరిచింది. "గుమ్మం వైపు, బాబాయ్ గారూ! గుమ్మం వైపు పోతోంది!"

చివరి ఓవరుకి మనకి పదకొండు పరుగులు కావాలి. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎవరూ అడగకుండానే పాత గొంతు ఎత్తుకున్నారు.

"పదకొండు! పదకొండు కావాలండి! ఎవరిస్తారండి పదకొండు?"

గెలలు మోసేవాళ్ళు ఈలలు వేశారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి కిటికీలోంచి చూశారు. రెండు పరుగులు వస్తే, "తొమ్మిది! తొమ్మిది ఒకటోసారి!" నాలుగు వస్తే, "అయిదు! అయిదు రెండోసారి!" అని పాట పాడుతున్నారు. చేపలావిడ బంతి చెప్పడం, ఆయన లెక్క పాడటం. ఒక చివర మాస్టారు ఆ లెక్కని సరిచూసుకుంటూ తల ఊపుతున్నారు. చివరి బంతికి నాలుగు మిగిలాయి.

"నాలుగు! మూడోసారి అనకముందే కొట్టండయ్యా!"

కొట్టాడు. బంతి చాలా పైకి లేచింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. చేపలావిడ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. దిగింది, దిగింది, ఫీల్డరు చేతుల్లో పడింది. ఎవరూ చెప్పలేదు.

"ఏమైందండి? ఎవరూ చెప్పరేం?"

వంటింటి గుమ్మంలోంచి అమ్మగారు చెప్పారు, చాలా మెత్తగా. "పట్టేశాడండి."

"ఎటువైపు?"

"మన వంటింటి వైపే."

"అయితే తప్పు నీదే!" అన్నారు పెద్దాయన.

అప్పుడు లేచిన నవ్వు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఓడిపోయిన మ్యాచికి అంత సందడి ఆ ఒక్క ఇంట్లోనే జరిగి ఉంటుంది. మాస్టారు బైబిలు కింద పడిపోయింది. అమ్మగారు గరిటె పట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నారు. మేడమ్ నా భుజం మీద కొట్టిన దెబ్బ రెండు రోజులు నొప్పెట్టింది.

సోమవారం టెక్నీషియన్ వెళ్ళి టీవీలో స్పీకర్లు మార్చాడు. సాయంత్రం పెద్దాయన షాపుకి ఫోన్ చేశారు.

"బాగైందండి. వార్తలకి పెట్టుకుంటున్నాం."

"మ్యాచిలకో?"

"మ్యాచిలకి మనుషులున్నారు కదండీ" అన్నారు.

ఉద్యోగంలో చేరినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. కస్టమరు ఏం కొంటున్నాడో బిల్లు మీద ఉంటుంది. ఎందుకు కొంటున్నాడో తెలుసుకోవాలంటే మీరు కాసేపు నోరు మూసుకోవాలి. నాకు అది సర్వీసు చివర్లో తెలిసింది. మీకు కాస్త ముందే తెలిస్తే మంచిది. తెలియకపోయినా కంగారు పడకండి, తెలియజేసేవాళ్ళు గొడుగు పట్టుకుని వస్తారు.

రిటైరయ్యాక ఒక ఆదివారం అటుగా వెళ్తూ వాళ్ళ వీధిలోకి తిరిగాను. గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూసే మ్యాచి ఉందని తెలిసిపోయింది. అమ్మగారు అరుగు మీద నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు.

"సమయానికొచ్చారండి! మాస్టారికి జ్వరం. చేపలావిడ కూతురింటికి వెళ్ళింది. సరిగ్గా చెప్పేవాళ్ళు లేక ఆయన కస్సుబుస్సులాడుతున్నారు. రండి, రండి."

కాళ్ళు కడుక్కునే లోపే నన్ను పడక్కుర్చీ పక్కన కూర్చోబెట్టేశారు. పెద్దాయన నా మోచెయ్యి తడిమి, "ఎవరండి?" అన్నారు.

"టీవీ అమ్మినవాణ్ణండి."

"ఓహో! మీకైతే మాటలు బాగా వచ్చు. కానివ్వండి."

బౌలరు పరిగెత్తుకొచ్చాడు. ఏ టీవీలో ఏముందో గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడికి, ఒక్క బంతి చెప్పడానికి నాలుక మడతపడింది. బ్యాటు తగిలింది. బంతి నేల మీద దూసుకుపోతోంది. కంగారులో నేను లేచి నిలబడి, చెయ్యి చాపి, "అదిగోనండి, అటు! అటు!" అన్నాను.

గదంతా గొల్లుమంది.

"బాబాయ్, నీకు చెయ్యి చూపిస్తన్నాడు!" అని గెలలు మోసే మనిషి అరిచాడు.

పెద్దాయన నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టారు. "ఆ చెయ్యి దించి నోరు తెరవండి. వంటిల్లా, గుమ్మమా?"